నాలుగు లోపలికి, ఆరు బయటికి

పైనక్కకి అసలు పేరు ఒకటి ఉంది. హాజరు పుస్తకంలో ఉంది, లైసెన్సు మీద ఉంది, సైటులో మాత్రం ఎవరికీ గుర్తు లేదు. పొద్దున ఏడింటికి నేల విడిచి, మధ్యాహ్నం ఒకసారి దిగి, మళ్ళీ ఎక్కి, సాయంత్రం దాకా అందరి నెత్తి మీదా ఉండే మనిషిని ఇంకేమని పిలుస్తారు?

ఆమె నడిపేది టవర్ క్రేను. కడుతున్న భవనం పక్కన దానికంటే ఎత్తుగా నిలబడి, పొడుగాటి చెయ్యి చాచి, ఇనుమూ పలకలూ ఎత్తి, కావలసిన అంతస్తులో దింపుతుంది. దాని మెడ దగ్గర ఒక అద్దాల గది. అందులో ఒక కుర్చీ, కుర్చీకి అటూ ఇటూ రెండు లివర్లు, కాళ్ళ కింద కూడా అద్దమే. ఆ గదికి చేరాలంటే రెండు వందల పది మెట్ల ఇనుప నిచ్చెన. లిఫ్టు లేదు. కొత్తగా పరిచయమైన వాళ్ళెవరైనా ఈ సంగతి వినగానే కళ్ళు పెద్దవి చేసుకుని అడిగే ప్రశ్న ఒకటే: "మరి బాత్రూమ్ ఎలాగండీ?" ఇరవయ్యొక్క ఏళ్ళుగా ఆమె ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేదు. నేనూ చెప్పను.

ఇరవై ఏళ్ళ వయసులో ఒక గోడౌన్‌లో సరుకు ఎత్తే చిన్న బండి నడుపుతూ మొదలుపెట్టింది. అక్కడి నుంచి పెద్ద బండికి, దాని నుంచి క్రేనుకి. పరీక్ష రాసిన రోజున గదిలో ముప్ఫై ఒక్క మంది మగవాళ్ళు, తను. పేపర్లు పంచడానికి వచ్చిన పెద్దమనిషి ఆమెని చూసి, "కుర్చీలు సరిపోయాయమ్మా, ఇంక టీ తీసుకురా" అన్నాడట. ఆమె లేచి, టీ తెచ్చి ఇచ్చి, కూర్చుని పరీక్ష రాసి, మూడో స్థానంలో పాసయింది. ఈ కథ చెప్పినప్పుడల్లా టీ ఎందుకు తెచ్చావని భర్త అడుగుతాడు. "వాడికి దాహమేసింది, నాకు తీరికుంది" అంటుంది. అంత నిదానం. అందుకే ఆమెకి భయం పట్టుకుంటుందని ఎవరూ అనుకోలేదు.

ఈ పనిలో చదువుకున్నవాళ్ళు రాసిన నియమాలు ఒక పుస్తకం నిండా ఉన్నాయి. పనిచేసేవాళ్ళకి వంటబట్టింది ఒక్కటే. బరువు ఏదైనా సరే, నేల నుంచి ఒక్క అడుగు ఎత్తి ఆపాలి. కట్టిన ఇనుప తాళ్ళలో ఏదైనా వదులుగా ఉంటే, బరువు ఒక పక్కకి ఒరిగేదైతే, ఆ అడుగు దగ్గరే తెలిసిపోతుంది. పడినా నేల మీదే పడుతుంది, ఎవరి ప్రాణమూ పోదు. కింద నిలబడ్డ సిగ్నల్ మనిషి చుట్టూ ఒకసారి నడిచి, అన్నీ చూసి, అప్పుడు చెయ్యి ఎత్తుతాడు. అర నిమిషం పని. సైటులో దీన్ని 'అడుగు చూడటం' అంటారు.

ఆ సిగ్నల్ మనిషిని అందరూ బాబాయ్ అంటారు. పైనక్కకి పదకొండేళ్ళుగా కింది నుంచి కళ్ళు ఆయనే. జేబులో వాకీటాకీ ఉన్నా ఆయనకి నమ్మకం చేతుల మీదే. మూసిన పిడికిలి అంటే ఆగమని. పైకి చూపించి తిప్పే వేలంటే ఎత్తమని. పదకొండేళ్ళలో వాళ్ళిద్దరూ ఎదురుగా కూర్చుని మాట్లాడుకున్నది మహా అయితే పదకొండు గంటలు ఉంటుంది. అయినా ఆయన భుజం వాలు చూసి, ఆ రోజు ఇంట్లో గొడవపడి వచ్చాడో లేదో ఆమె పైనుంచి చెప్పేయగలదు.

మూడు నెలల క్రితం ఒక మధ్యాహ్నం, తొమ్మిదో అంతస్తుకి ఇనుప చువ్వల కట్ట వెళ్ళాలి. కాంక్రీటు లారీ వచ్చి నిలబడింది. ఆలస్యమైతే లోపల సరుకు గట్టిపడిపోతుందని డ్రైవరు హారన్ మీద చెయ్యి తీయటం లేదు. కట్ట లేచింది. తొమ్మిదో అంతస్తు మీదికి వస్తుండగా గాలి తోసింది. ఒక తాడు జారింది, కట్ట ఒరిగింది, రెండు చువ్వలు బయటికి జారి తొమ్మిదో అంతస్తు చెక్క పలకల్లో బాణాల్లా దిగబడ్డాయి. అవి దిగిన చోట నిమిషం ముందు వరకూ సెంట్రింగ్ చెక్కలు బిగించే వడ్రంగి ఒకడు మోకాళ్ళ మీద కూర్చుని కొలతలు తీస్తున్నాడు. చెవి మీద పెట్టుకున్న పెన్సిలు ఎక్కడో పడిపోతే వెతుక్కుంటూ మెట్ల దాకా వెళ్ళాడు. అందుకే బతికాడు. ఆ రోజు నుంచి వాడి పేరు పెన్సిలు.

విచారణ జరిగింది. ఇంజనీరు అడిగాడు, రాసుకున్నాడు, గాలి వేగం లెక్క తీశాడు. "అడుగు చూశారా?" అన్నాడు. బాబాయ్ "చూశామండి" అన్నాడు. పైనక్క "చూశామండి" అంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. తప్పు గాలిదని తేలింది, సంతకాలయ్యాయి, పని మళ్ళీ మొదలైంది.

చూడలేదు. అదీ అసలు సంగతి. హారన్ మోతకి బాబాయ్ వేలు ఆగకుండా తిరిగింది, ఆమె లివరు ఆగకుండా లాగింది. ఇద్దరిలో ఏ ఒక్కరు ఆగినా సరిపోయేది.

తర్వాతి వారం నుంచి నిచ్చెన మీద అది మొదలైంది. సరిగ్గా నూట ఇరవయ్యో మెట్టు దగ్గర. ముందు అరచేతులు చెమట పట్టాయి. తర్వాత వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఛాతీ మీద ఎవరో బస్తా పెట్టినట్టయి, ఎంత పీల్చినా ఊపిరి అందలేదు. గుండెపోటే అనుకుంది. చచ్చిపోతే చచ్చిపోయాను, చేతులు వదిలి కింద ఎవరి మీదా పడకూడదు అనుకుని, నడుము బెల్టు కొక్కెం నిచ్చెనకి తగిలించి, నుదురు చల్లటి ఇనుముకి ఆనించి నిలబడింది. ఐదు నిమిషాలకి తగ్గింది. మిగతా తొంభై మెట్లూ ఎక్కింది. మర్నాడు అదే మెట్టు, అదే బస్తా.

ఎవరికీ చెప్పలేదు. చెబితే దింపేస్తారు. ఈ వయసులో కిందికి దిగి ఏం చేస్తుంది? ఆమెకి తెలిసిన లోకం అంతా అక్కడి నుంచి కనిపించేదే. అలాగని చెప్పకపోతే, ఏదో ఒక రోజు బరువు గాలిలో ఉండగా చేతులు తిమ్మిరెక్కితే? కింద మనుషులున్నారు. ఈ రెండు ఆలోచనల మధ్య ఆమె నలిగిపోయింది. ఇంట్లో రెండు సార్లు గిన్నెలు మాడ్చింది. బస్సు నడిపే భర్త, "ఏమైంది నీకు, సిగ్నల్ పడ్డా కదలని బండిలా నిలబడిపోతున్నావ్" అన్నాడు. ఏమీ లేదంది.

సెలవు రోజున ఒక్కతే క్లినిక్‌కి వెళ్ళింది. గుండె పరీక్షలన్నీ చేశారు. డాక్టరు కాగితాలు తిరగేసి, "మీ గుండె శుభ్రంగా ఉంది. భయపడుతోంది, అంతే" అన్నాడు. వరండా చివరి గదిలో ఉన్న నర్సు దగ్గరికి పంపాడు.

గదిలో రెండు కుర్చీలు, ఒక గడియారం. నర్సు ఆమెని కూర్చోబెట్టి, ఒక చెయ్యి ఛాతీ మీద, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకోమంది.

"ఊపిరి పీల్చండి."

పైనక్క గట్టిగా పీల్చింది. భుజాలు చెవుల దాకా లేచాయి.

"అదిగో, పై చెయ్యే లేచింది. కింద చెయ్యి లేవాలమ్మా. పొట్ట నిండాలి. నాలుగు లెక్కపెట్టే దాకా లోపలికి, ఆరు లెక్కపెట్టే దాకా బయటికి. వదలడమే ముఖ్యం, పీల్చడం కాదు. నెమ్మదిగా వదిలితే గుండె కూడా నెమ్మదిస్తుంది."

"ఊపిరి పీల్చుకోవడం కూడా నేర్చుకోవాలా? నలభై ఆరేళ్ళుగా అదే పని కదండీ చేస్తున్నది."

"నలభై ఆరేళ్ళుగా నడుస్తున్నారు. అయినా నిచ్చెన ఎక్కడం ఎవరో నేర్పారు కదా" అంది నర్సు. పైనక్కకి ఆ జవాబు నచ్చింది. నోరు మూసుకుని లెక్కపెట్టింది.

"రోజూ పొద్దున పది నిమిషాలు కదలకుండా కూర్చుని చెయ్యండి. మధ్యలో ఆలోచన వస్తుంది. తరమొద్దు. వచ్చింది అనుకుని, మళ్ళీ లెక్క దగ్గరికి రండి. భయం వచ్చాక నేర్చుకుందామంటే కుదరదు, ముందే అలవాటై ఉండాలి." లేచేటప్పుడు అడిగింది: "ఇది ఎక్కేటప్పుడేనా, పని చేసేటప్పుడు కూడా వస్తోందా?"

"ఎక్కేటప్పుడే" అంది పైనక్క. అప్పటికి అది నిజమే. రేపటి సంగతి ఆమెకీ తెలియదు.

ఇంట్లో అత్తగారు ఉన్నారు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ముప్ఫై ఏళ్ళు ట్రంకు కాల్స్ కలిపి రిటైరైన మనిషి. రిటైరై పదిహేనేళ్ళయినా మాటలో ఆ బల్ల వదల్లేదు. ఎవరైనా తలుపు తడితే, "ఎవరు కావాలి? ఉన్నారు, మాట్లాడండి" అంటుంది. కోడలు పొద్దున్నే ముందు గదిలో కళ్ళు మూసుకుని కూర్చోవడం మొదటి రోజు చూసి తన పనికి తను వెళ్ళిపోయింది. రెండో రోజు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఏం చేస్తున్నావే?"

"ధ్యానం అత్తయ్యా. డాక్టరు చెయ్యమన్నాడు. నాలుగు లోపలికి, ఆరు బయటికి."

"నాలుగు ఎక్కడ అయిందో, ఆరు ఎక్కడ మొదలైందో నాకెలా తెలుస్తుంది? పైకి లెక్కపెట్టు. నాకు వినపడాలి."

"మీకెందుకు వినపడాలి?"

"ఎవరూ వినకపోతే నువ్వు మధ్యలో వదిలేస్తావ్ కాబట్టి."

అది నిజం. అందుకని పైనక్క పైకే లెక్కపెట్టడం అలవాటు చేసుకుంది. సరిగ్గా మూడు నిమిషాలకి అత్తగారు గొంతు సవరించుకుని, ట్రంకు కాల్ మధ్యలో అడిగే పాత గొంతుతో, "మూడు నిమిషాలయ్యాయి. పొడిగిస్తారా?" అనేది. పైనక్క నవ్వు ఆపుకుంటూ "పొడిగించండి" అనేది. మళ్ళీ మూడు నిమిషాలకి అదే మాట. అలా మూడు సార్లు పొడిగిస్తే పది నిమిషాలు దాటేవి. నాలుగో వారానికి అత్తగారికి కూడా రాత్రుళ్ళు కాళ్ళు లాగడం తగ్గిందట. ఊపిరికీ కాళ్ళకీ ఏం సంబంధమో ఆమే చెప్పాలి. తగ్గిందంటే తగ్గింది, ఇంట్లో ఎదురు మాట్లాడే ధైర్యం ఎవరికుంది?

ఇటు నిచ్చెన మీద కూడా తేడా కనపడింది. నూట ఇరవయ్యో మెట్టు దగ్గర బస్తా రావడం మానలేదు. కానీ ఇప్పుడు వస్తోందని ముందే తెలుస్తోంది. కొక్కెం తగిలించి, పొట్ట మీద చెయ్యి పెట్టి, ఆరు దాకా వదిలితే రెండు నిమిషాల్లో దిగిపోతోంది. చేతులు తిమ్మిరెక్కడం పోయింది. కేబిన్‌లో కూర్చున్నాక పని పనిలాగే ఉంది. అడుగు చూడటం మాత్రం ఒక్కసారి కూడా మానలేదు. బాబాయ్ కూడా మానలేదు. ఆ అర నిమిషం ఇద్దరూ ఎంత ఓపికగా ఆగేవారంటే, కింద కుర్రాళ్ళు విసుక్కునేవారు.

ఒక్కటే తేడా లేనిది. రోజూ పొద్దున ఏడో నిమిషం ప్రాంతంలో ఒకే ఆలోచన వచ్చేది. "చూశామండి" అన్న తన గొంతు. వచ్చింది అనుకుని లెక్క దగ్గరికి వెళ్ళేది. అది వెనకే వచ్చి కూర్చునేది.

రెండోసారి క్లినిక్‌కి వెళ్ళినప్పుడు నర్సుకి అంతా బాగానే ఉందని చెప్పింది. నర్సు రాసుకుంటూ, తల ఎత్తకుండా అంది: "ఇది నొప్పి తగ్గిస్తుందమ్మా. ముల్లు తియ్యదు. ముల్లంటూ ఉంటే అది మీరే చెప్పాలి. వచ్చే వారం రండి. చెప్పాలనిపిస్తే చెప్పండి, లేకపోతే ఊరికే కూర్చుందాం."

మళ్ళీ క్లినిక్‌కి వెళ్ళాల్సిన ముందురోజు గాలి లేచింది. కేబిన్‌లో గాలి మీటరు ముల్లు ఎర్ర గీత దాటితే క్రేను ఆపెయ్యాలి. పదకొండింటికి దాటింది. కొక్కెం పైకి లాగేసి, క్రేను చెయ్యి గాలివాటుకి తిరిగేలా వదిలేసి, "గాలి తగ్గేదాకా ఆపు" అని వాకీటాకీ సెట్టులో చెప్పి, ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. దిగే పనిలేదు, ఎక్కే పనిలేదు. రేపు నర్సుకి చెప్పాలి. ఎలా చెప్పాలి? ముందు కాసేపు ఊపిరి చూసుకుని, తర్వాత ఒకసారి పైకి అనుకుని చూద్దామనుకుంది.

వాకీటాకీ ఆమె నడుముకి ఉంటుంది. పక్కనున్న బటను నొక్కి పట్టుకుంటేనే మన మాట అందరికీ వెళ్తుంది. ఒకరు బటను నొక్కి ఉంచినంత సేపూ ఆ సైటులో ఇంకెవరూ మాట్లాడలేరు, వినగలరంతే. ఆమె వెనక్కి వాలినప్పుడు సెట్టు నడుముకీ కుర్చీ చేతికీ మధ్య ఇరుక్కుంది. బటను లోపలికి నొక్కుకుపోయింది. ఆమె కళ్ళు మూసుకుంది.

సైటు మొత్తం మీద ఆమెది కాక పంతొమ్మిది సెట్లున్నాయి. ఇంజనీరు బల్ల మీద ఒకటి, గేటు దగ్గర ఒకటి, ప్రతి అంతస్తు మేస్త్రీ దగ్గరా ఒకటి, బాబాయ్ జేబులో ఒకటి. గాలికి పని ఆగిపోయి అందరూ చేతులు కట్టుకుని కూర్చున్న సమయం. ఆ పంతొమ్మిది సెట్లలోంచీ పైనక్క గొంతు వచ్చింది.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు. లోపలికి. ఒకటి, రెండు..."

మొదట అందరూ ఏదో సరుకు లెక్క అనుకున్నారు. తర్వాత నవ్వారు. రెండో అంతస్తులో ఒకడు పొట్ట మీద చెయ్యి పెట్టి నటించాడు. బాబాయ్ తన బటను నొక్కి "అక్కా, సెట్టు, సెట్టు" అని అరిచాడు. వెళ్ళలేదు. సిగ్నల్ జెండా ఊపాడు, ఈల వేశాడు. ఆమె కళ్ళు తెరవలేదు. అద్దాలకి గాలి కొడుతుంటే ఈల ఏం వినపడుతుంది?

లెక్క ఆగింది. గొంతు సవరించుకున్న చప్పుడు.

"అమ్మా, మీరు ముల్లు అన్నారు కదా. ఉంది. ఆ రోజు మేం అడుగు చూడలేదు. చూశామని చెప్పాం, చూడలేదు. లారీ హారన్ కొడుతోంది, బాబాయ్ చెయ్యి తిప్పాడు, నేను ఎత్తేశాను. ఆయన్ని అనడం లేదు. లివరు నా చేతిలో ఉంది, నేను ఆగొచ్చు. ఆగి ఉంటే ఆ తాడు అక్కడే జారేది. ఒక మనిషి పెన్సిలు పడిపోయింది కాబట్టి బతికాడు. నా వల్ల కాదు, పెన్సిలు వల్ల. వాడు రోజూ నాకు కింద నుంచి చెయ్యి ఊపుతాడు. నేను కూడా ఊపుతాను. సిగ్గుతో చచ్చిపోతున్నానమ్మా."

ఏడవలేదు. మళ్ళీ, "ఒకటి, రెండు, మూడు, నాలుగు."

అప్పటికి కింద ఎవరూ నవ్వడం లేదు.

ఆమె కళ్ళు తెరిచి కాళ్ళ కింద అద్దంలోంచి చూస్తే, సైటు మొత్తం తలలు పైకెత్తి నిలబడి ఉంది. ఏదో పడిందనుకుంది. కొక్కెం చూసింది, తాళ్ళు చూసింది, అన్నీ ఉన్నాయి. అప్పుడు నడుము దగ్గర ఎర్ర దీపం కనిపించింది. సెట్టు బయటికి లాగింది. దీపం ఆరిపోయింది.

ముందు వచ్చింది బాబాయ్ గొంతు. సెట్టులో మాట్లాడటం ఇష్టం లేని మనిషి, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

"నేనూ చూడలేదు. చెయ్యి తిప్పింది నేనే. రాసుకోండి సార్."

తర్వాత ఇంజనీరు: "గాలి తగ్గగానే ఇద్దరూ నా గదికి రండి."

రెండు వందల పది మెట్లు దిగడం ఆమెకి ఆ రోజున్నంత పొడుగుగా ఎప్పుడూ అనిపించలేదు. నిచ్చెన మొదట్లో పెన్సిలు నిలబడి ఉన్నాడు. చెవి మీద పెన్సిలు, దానికి దారం, దారం చివర చొక్కా గుండీకి ముడి. బాబాయ్ పక్కనే తల వంచుకుని ఉన్నాడు.

"మూడు నెలలు" అన్నాడు పెన్సిలు. "మూడు నెలల నుంచి నాకు నిద్ర లేదు. కళ్ళు మూస్తే ఆ రెండు చువ్వలే. మా ఆవిడ అడుగుతుంది, ఎవరి తప్పు అని. గాలి అంటాను. గాలిని ఏమని తిట్టుకోను? ఎక్కడని పట్టుకోను? మీకు బుద్ధుందా? ఇద్దరికీ? పదకొండేళ్ళ సర్వీసు ఏం చేసుకుంటారు? నా పిల్లలకి ఎవరు సమాధానం చెప్పేవాళ్ళు, ఆ లారీ వాడా?"

ఇంకా అన్నాడు. రాయదగినవి ఇంతే. ఆమె ఒక్క మాటకీ అడ్డు చెప్పలేదు. చేతులు కట్టుకుని నిలబడి అన్ని మాటలూ పడింది. విచిత్రం ఏమిటంటే, ఒక్కో తిట్టుకీ ఆమె ఛాతీ మీద బస్తా ఒక్కో గుప్పెడు తేలికైంది. పెన్సిలు అరిచి అరిచి అలిసిపోయి, ముఖం తుడుచుకుని, పక్కనున్న సిమెంటు దిమ్మె మీద కూలబడ్డాడు.

"హమ్మయ్య" అన్నాడు. తర్వాత, ఆమెని చూడకుండా, "ఆ లెక్క ఏంటి? నాలుగా, ఆరా?"

"నాలుగు లోపలికి, ఆరు బయటికి."

"పనిచేస్తుందా?"

"కొంచెం" అంది పైనక్క. "పైకి లెక్కపెట్టు. ఎవరో ఒకరు వినాలి."

"నువ్వు అందరికీ వినిపించావుగా" అన్నాడు. బాబాయ్ భుజాలు కదిలాయి. నవ్వాడో ఏడ్చాడో ఆమెకి తెలియలేదు. పైనుంచైతే చెప్పేసేది.

ఇంజనీరు నియమాల మనిషి. పాత నివేదిక కొట్టేసి కొత్తది రాయించాడు. ఇద్దరికీ కాగితం మీద హెచ్చరిక ఇచ్చాడు. మళ్ళీ పరీక్ష, డాక్టరు సంతకం కావాలన్నాడు, అంతదాకా పనిలోంచి తప్పించాడు. పైనక్క నిచ్చెన మీది భయం సంగతి కూడా అక్కడే చెప్పేసింది. అది ఇన్నాళ్ళూ దాచినందుకు ఆమెకి విడిగా చివాట్లు పెట్టాడు. అవి న్యాయమైనవే. మూడు వారాలు ఆమె స్టోరు గదిలో కూర్చుని హెల్మెట్లు తుడిచి, చేతి తొడుగులు జతలు కలిపింది. ఆ కిటికీలోంచి క్రేను సగమే కనిపించేది. ఇంకెవరో నడుపుతున్నారు. ప్రతిసారీ బరువు అడుగు దగ్గర ఆగుతుందా లేదా అని మెడ చాచి చూసేది. మళ్ళీ ఎక్కనిస్తారో లేదో ఎవరూ చెప్పలేదు. ఆ మూడు వారాలూ పొద్దున్నే కూర్చుంది. ఏడో నిమిషంలో వేరే ఆలోచనలు వచ్చాయి, గిన్నెల గురించి, భర్త చొక్కా గుండీల గురించి. ఆ గొంతు రాలేదు.

విషయం విన్న అత్తగారు గొంతు సవరించుకుంది. "ముప్ఫై ఏళ్ళు లైన్లు కలిపాను. తెరిచి ఉన్న లైను మీద నోరు జారకూడదని కొత్త పిల్లలందరికీ చెప్పాను. సొంత కోడలికి చెప్పడం మర్చిపోయాను" అంది. కోడలి తల మీద చెయ్యి పెట్టింది. "మంచిదే అయింది. చెప్పి ఉంటే ఈపాటికి ఇంకా మోస్తూ ఉండేదానివి."

నాలుగో వారం డాక్టరు సంతకం వచ్చింది, పరీక్ష అయింది, ఇంజనీరు కాగితం మీద ముద్ర వేశాడు. నర్సు రాసిన ఒక వాక్యం అందులో ఉంది: భయం వస్తే మొదట సిగ్నల్ మనిషికి చెప్పాలి, చెప్పి ఆగాలి.

పొద్దున ఏడింటికి ఆమె నిచ్చెన ఎక్కింది. నూట ఇరవయ్యో మెట్టు ఎక్కడికీ పోలేదు. అక్కడే ఉంది. అరచేతులు తడిశాయి, ఛాతీ బిగిసింది. కొక్కెం తగిలించింది. ఈసారి సెట్టు చేతిలోకి తీసుకుని, కావాలనే బటను నొక్కింది.

"బాబాయ్, నూట ఇరవై దగ్గర ఉన్నాను. రెండు నిమిషాలు."

"సరే తల్లీ" అన్నాడు బాబాయ్. "తొందరేం లేదు."

మొదటి బరువు మళ్ళీ ఇనుప చువ్వల కట్టే. తొమ్మిది దాటి ఇప్పుడు భవనం పదమూడో అంతస్తుకి చేరింది. కట్టకి తాళ్ళు వేశారు. ఆమె నెమ్మదిగా ఎత్తింది. అడుగు దగ్గర ఆపింది. కట్ట గాలిలో నిలబడింది. బాబాయ్ చుట్టూ నడిచాడు, వంగి చూశాడు, తాడు లాగి చూశాడు. వెనక్కి వచ్చి నిలబడి పిడికిలి ఎత్తాడు. ఆగు.

అన్నీ బాగున్నాయి కదా, ఇంకా ఎందుకు ఆగమంటున్నాడో ఆమెకి అర్థం కాలేదు. కాళ్ళ కింద అద్దంలోకి వంగి చూసింది.

పిడికిలిలోంచి ఒక వేలు లేచింది. రెండోది. మూడోది. నాలుగోది. చెయ్యి మూసుకుంది. బాబాయ్ జెండాని చంకలో ఇరికించుకుని రెండో చెయ్యి కూడా ఎత్తాడు. ఆరుకి ఒక్క చెయ్యి చాలదు మరి. మళ్ళీ ఒకటి, రెండు, మూడు. ఆయన వెనక, పైకి వెళ్ళాల్సిన సెంట్రింగ్ వాళ్ళు హద్దుగా కట్టిన తాడు అవతల వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళలో చెవి మీద దారం కట్టిన పెన్సిలు ఉన్నవాడు ఒక చెయ్యి ఛాతీ మీద, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, తల పైకెత్తి ఆమెనే చూస్తున్నాడు. పై చెయ్యి కదలడం లేదు. కింద చెయ్యే కదులుతోంది.

పైనక్కకి కళ్ళు మసకబారాయి. భుజంతో తుడుచుకుంది, చేతులు లివర్ల మీద నుంచి తియ్యకూడదు కాబట్టి. బాబాయ్ వేళ్ళతో పాటే ఊపిరి వదిలింది. నాలుగు, ఐదు.

ఆరో వేలు లేచింది. తర్వాత చూపుడు వేలు పైకి తిరిగింది. ఆమె లివరు లాగింది.